కాలనీ ఎస్టీపీ నుంచి గోస్తని దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ దగ్గర ఆనందపురం, తగరపువలస, భీమిలి వైపు కొత్త లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లు లేచాక అసోసియేషన్ మీటింగుల్లో మురుగు శుద్ధి కేంద్రం (ఎస్టీపీ) గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఒక కమిటీకి చెప్పి ఒప్పించేలోపు ఇంకో కమిటీ వస్తుంది, కథ మళ్లీ మొదటికి. అందుకే జనం అడిగినవి అడిగినట్టే రాసి, ఒక్కోదానికి విడిగా జవాబు పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కట్టాలా వద్దా అని ఆలోచించే దశ

మాది అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మా ఒక్కళ్ల నీళ్లు కలిస్తే నది పాడైపోతుందా?

లెక్క వేద్దాం. ఇంటికి నలుగురు చొప్పున 240 మంది. మురుగు కాలువల వ్యవస్థ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు అన్నది ఇంజినీర్లు వేసుకునే లెక్క. అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుంది. అంటే రోజుకు సుమారు 26 వేల లీటర్లు. ఇళ్ల మురుగులో బీఓడీ లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. బీఓడీ అంటే ఆ మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు నీళ్లలోంచి లాక్కునే ఆక్సిజన్. మధ్యరకంగా 250 వేసుకున్నా రోజుకు ఆరున్నర కిలోల ఆక్సిజన్ కావాలి.

ఇప్పుడు గెడ్డ (నదిలోకి పారే వాగు) వైపు నుంచి చూడండి. 30 డిగ్రీల వేడిలో శుభ్రమైన నీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. చేపలు బతకాలంటే అది 4 కంటే తగ్గకూడదు. ఖర్చు పెట్టుకోవడానికి ఉన్నది మూడున్నర. ఆ లెక్కన మీ ఒక్క రోజు మురుగును భరించడానికి 18 లక్షల లీటర్లకు పైగా మంచినీళ్లు గెడ్డలో ఉండాలి. అదే శుద్ధి చేసి బీఓడీని 20కి దించి వదిలితే లక్షన్నర లీటర్లు చాలు. పారే నీరు గాలి నుంచి మళ్లీ తీసుకునే ఆక్సిజన్‌ను ఇందులో కలపలేదు, కాబట్టి ఇది మోటు లెక్కే. అయినా తేడా ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది.

వానాకాలంలో గోస్తని నిండుగా పారుతుంది కదా, అన్నీ కొట్టుకుపోవా?

పోతాయి. సమస్య మిగతా నెలల్లో. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి, తాటిపూడి జలాశయంలో ఆగి, తగరపువలస దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గోదావరిలా ఏడాదంతా నీళ్లుండే నది కాదు, వాన మీద బతికే చిన్న నది. ఫిబ్రవరి దాటాక కింది భాగంలో పారేది సన్నటి పాయ. ఆ రోజుల్లో అందులోకి ఏ కాలనీ ఏది వదిలితే నది నీళ్లు అవే. పలచన చేయడానికి పైనుంచి వచ్చేది ఏమీ ఉండదు. నన్నడిగితే మన ప్రాంతంలో ఎస్టీపీ ఎలా పనిచేస్తోందో చూడాల్సింది ఆగస్టులో కాదు, ఏప్రిల్‌లో.

చివరికి సముద్రంలోకే పోతుంది. అంత సముద్రానికి మా మురుగొక లెక్కా?

నడి సముద్రానికి లెక్క కాదు. కానీ మురుగు ముందు చేరేది నది మొగకి (నది సముద్రంలో కలిసే చోటికి), ఒడ్డు వెంబడి నీళ్లకి. నీళ్లు తక్కువున్న రోజుల్లో చిన్న నదుల మొగలు ఇసుక మేటలతో ఇరుకైపోతాయి, లోపలి నీరు కదలదు. చేపపిల్లలు, రొయ్యపిల్లలు, పీతలు పెరిగేది సరిగ్గా అక్కడే. వల వేసేవాళ్లకు ముందు తగిలే దెబ్బ అదే. పైగా బీచ్‌లో స్నానానికి దిగేది మన పిల్లలే. రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపుకు నీటిలో మల సంబంధ బ్యాక్టీరియా పరీక్ష కూడా ఉంటుంది.

ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు ఉంది. మళ్లీ ఇదెందుకు?

సెప్టిక్ ట్యాంకు మురికిలో బరువైనదాన్ని అడుక్కి దించుతుంది, అంతే. బీఓడీలో 30 నుంచి 50 శాతం తగ్గిస్తుంది. బయటికొచ్చే నీళ్లు చూడ్డానికి తేటగా ఉన్నా మురుగే. అవి ఇంకుడు గుంతలోకి వెళ్లాలి, ఆ గుంత తాగునీటి బావికి, బోరుకు కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి. మనకు కనిపించేది ఏంటి? చాలా ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు పైపు నేరుగా వీధి కాలువలో ఉంటుంది, ఆ కాలువ గెడ్డలో ఉంటుంది. భీమిలి వైపు ఇసుక నేలల్లో ఇంకో చిక్కుంది. నీరు చాలా వేగంగా కిందికి దిగిపోతుంది, మట్టి వడపోసే టైమే ఉండదు. పదిళ్లు దూరదూరంగా ఉన్న పల్లెలో సెప్టిక్ ట్యాంకు, మంచి ఇంకుడు గుంత సరిపోతాయి. రెండొందల ప్లాట్ల లేఅవుట్‌లో సరిపోవు.

మా మురుగుకీ, నగరం తాగే నీళ్లకీ సంబంధం ఉంటుందా?

మీరు ఎటువైపు ఉన్నారన్న దాన్నిబట్టి. విశాఖకు నీళ్లిచ్చేవి తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, గోస్తని, ఏలేరు కాలువ. మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ జనం మధ్యలోకి వచ్చేశాయి. వాటికి పైనున్న కాలనీల మురుగు వాలును బట్టి అటే దిగుతుంది. నీటిశుద్ధి కేంద్రం ఉంది కదా అనుకోవద్దు. మురుగులోని అమ్మోనియా క్లోరిన్‌ను ముందే తినేస్తుంది. క్రిములను చంపడానికి కావలసినంత మిగలాలంటే ఇంకా ఎక్కువ క్లోరిన్ పోయాలి.

## ప్లాన్, అనుమతుల దశ

ఎంత కెపాసిటీ పెట్టించాలి?

మనుషుల సంఖ్యను 135తో గుణించి, అందులో 80 శాతం తీసుకోండి. 240 మందికి సుమారు 26 వేల లీటర్లు వస్తుంది కాబట్టి 30 కేఎల్‌డీ (రోజుకు 30 వేల లీటర్లు) పెట్టించుకోవచ్చు. మరీ పెద్దది కూడా తలనొప్పే. సగం ఫ్లాట్లు ఖాళీగా ఉన్న రోజుల్లో ట్యాంకులో సూక్ష్మజీవులకు తిండి చాలక చచ్చిపోతాయి. ఇళ్లు నెమ్మదిగా నిండే ప్రాజెక్టయితే ఒకే పెద్ద ట్యాంకు బదులు రెండు సమాన భాగాలుగా కట్టించండి, ముందు ఒకటి నడపొచ్చు. మురుగు వచ్చేది ఉదయం ఆరు నుంచి పది, మళ్లీ రాత్రి. ఆ పోటును ఆపి రోజంతా సమానంగా పంపే ఈక్వలైజేషన్ ట్యాంకును స్థలం కలిసొస్తుందని బిల్డర్ చిన్నది చేస్తానంటే ఒప్పుకోవద్దు.

ఎంబీబీఆర్ మంచిదా, ఎస్‌బీఆర్ మంచిదా?

రెండూ మురుగు శుద్ధి పద్ధతులే, రెండూ పనిచేస్తాయి. ఎంబీబీఆర్‌లో చిన్న ప్లాస్టిక్ బిళ్లల మీద సూక్ష్మజీవులు పొరలా పెరుగుతాయి. చోటు తక్కువ పడుతుంది, మురుగు హెచ్చుతగ్గులను కొంత తట్టుకుంటుంది. ఎస్‌బీఆర్‌లో ఒకే ట్యాంకులో గాలి కొట్టడం, తేర్చడం వంతులవారీగా జరుగుతాయి. నీళ్లు బాగా వస్తాయి, కానీ టైమర్లు, వాల్వులు చెడితే మెకానిక్ కోసం నగరానికి ఫోన్ చేయాల్సిందే. సేల్స్ వాళ్లు దీని మీద గంటలు గంటలు మాట్లాడతారు. మీరు అడగాల్సిన ప్రశ్న వేరే: రేపు బ్లోయర్ (ట్యాంకులోకి గాలి కొట్టే యంత్రం) చెడితే ఎన్ని గంటల్లో మనిషిని పంపిస్తారు, స్పేర్ బ్లోయర్ ధరలో కలిపారా లేదా. మంచి ఆపరేటర్ చేతిలో పాత పద్ధతి మెషిన్ కూడా శుభ్రమైన నీళ్లిస్తుంది. తాళం వేసిన గదిలో ఖరీదైన మెషిన్ ఏమీ ఇవ్వదు.

కరెంటు ఖర్చు లేకుండా నడిచేది లేదా? మాది పంచాయతీ.

ఉంది. డీవాట్స్ అంటారు. మురుగు ముందు సెటిలర్ అనే ట్యాంకులో తేరి, గాలి లేని గదుల్లో పైకీ కిందికీ తిరుగుతూ వెళ్లి, చివర కంకర నింపిన మడిలో మొక్కల వేళ్ల మధ్య నుంచి బయటికొస్తుంది. మెట్టతామర, జమ్ము లాంటి మొక్కలు వేస్తారు. నేల వాలుగా ఉంటే మోటారు కూడా అక్కర్లేదు, మన కొండవాలు ఊళ్లకు అది కలిసొచ్చే విషయం. బదులుగా స్థలం ఎక్కువ కావాలి. సెంటు ధర మండిపోయే చోట కుదరదు కానీ పంచాయతీ స్థలం ఉన్న ఊరికి నేను ముందు చెప్పేది ఇదే. కంకర పూడిపోకుండా ముందు ట్యాంకులో బురద తీయించుకోవడం, మొక్కలు కోయడం మాత్రం మానకూడదు.

అనుమతులు ఎక్కడ తీసుకోవాలి?

1974 నాటి వాటర్ యాక్ట్ కింద ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతులు రెండు: కట్టే ముందు సీఎఫ్ఈ, నడిపే ముందు సీఎఫ్ఓ. నిర్మాణ విస్తీర్ణం 20 వేల చదరపు మీటర్లు, ఆ పైన ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కూడా కావాలి. బిల్డర్ దగ్గర నుంచి అసోసియేషన్ చేతికి తీసుకునేటప్పుడు ఈ కాగితాలన్నీ ఒరిజినల్‌గా అడిగి తీసుకోండి. సీఎఫ్ఓ గడువు ఎప్పుడు తీరుతుందో ఆ రోజే క్యాలెండర్‌లో రాసుకోండి.

బయటికొచ్చే నీళ్లలో బీఓడీ ఎంత ఉండాలి? ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతున్నారు.

అందరూ చెప్పేది ఎక్కడో ఒకచోట ఉన్నదే. 2017 అక్టోబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ మెట్రో నగరాలకు లీటరుకు 20 మి.గ్రా., మిగతా చోట్లకు 30 అని పెట్టింది. మల కోలిఫాం (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) 100 మిల్లీలీటర్లకు 1000 లోపు ఉండాలంది. ఇది చాలదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్ 30న బీఓడీ 10, కోలిఫాం 230 మించకూడదని ఆదేశించింది. మిమ్మల్ని నేరుగా కట్టిపడేసేది మీ సీఎఫ్ఓలో రాసిన అంకె. డిజైన్ మాత్రం 10కే చేయించండి, తర్వాత ట్యాంకులు పగలగొట్టి మార్చే టెన్షన్ ఉండదు.

## మొదలుపెట్టే దశ

పేడ వేస్తే ఎస్టీపీ మొదలవుతుందట, నిజమేనా?

నిజమే కానీ అదే మంచి పద్ధతి కాదు. పాలకు తోడు వేసినట్టు ట్యాంకుకు సూక్ష్మజీవులను అందించాలి. దగ్గర్లో బాగా నడుస్తున్న ఎస్టీపీ నుంచి ఒక ట్యాంకర్ బురద తెచ్చి పోస్తే కొన్ని వారాల్లో దారిలో పడుతుంది. పేడతో అయితే ఇంకా ఆలస్యం. పైగా అందులోని గడ్డి పరకలు పంపుల్లో ఇరుక్కుంటాయి, నీళ్లలో కలిపి గుడ్డలో వడకట్టి పోయాలి. ఈ రోజుల్లో బయటికొచ్చేది ఇంకా శుద్ధి కాని నీరే. గెడ్డలోకి వదలకుండా మళ్లీ మొదటి ట్యాంకుకే తిప్పండి.

ట్యాంకు మీద తెల్లటి నురుగు పొంగుతోంది, పాడైందా?

కొత్తగా మొదలైన ట్యాంకులో తెల్ల నురుగు మామూలే, బురద చిక్కబడ్డాక తగ్గుతుంది. నీళ్లు చల్లి అణచండి. పాత ట్యాంకులో ముదురు గోధుమ రంగులో జిడ్డుగా నురుగు పేరుకుంటే మాత్రం బురద ముదిరిందని అర్థం, కొంత తీయించాలి.

## రోజూ నడిపే దశ

సరిగ్గా నడుస్తోందో లేదో మాలాంటి వాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఒక లీటరు పట్టే గాజు కొలజాడీ కొనండి. గాలి ఆడుతున్న ట్యాంకులోంచి నిండా నీళ్లు పట్టి, కదలని చోట అరగంట పెట్టండి. ముందు జాడీ అంతా చాక్లెట్ రంగులో ఉంటుంది. అయిదు నిమిషాలకు సన్నటి తునకల్లా విడిపోయి కిందికి దిగడం మొదలవుతుంది. బురదకీ నీళ్లకీ మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. అరగంటకు ఆ గీత 250 నుంచి 400 మి.లీ. మధ్య ఆగి, పైనున్న నీరు తేటగా ఉంటే ట్యాంకు ఆరోగ్యంగా ఉన్నట్టు. 100 దగ్గరే ఆగిందంటే సూక్ష్మజీవులు చాలడం లేదు. 800 దగ్గర వేలాడుతుంటే బురద ఎక్కువైంది, లేదా పీచులా పెరిగే జాతులు చేరి బురద దిగనివ్వడం లేదు. నల్లగా ఉండి కంపు కొడితే గాలి చాలడం లేదు. మంచి బురదకు తడిమట్టి వాసన ఉంటుంది, ముక్కు మూసుకునే పని ఉండదు. (ఎంబీబీఆర్‌లో సూక్ష్మజీవులు బిళ్లల మీద ఉంటాయి కాబట్టి జాడీలో ఇంత బురద కనబడదు. అక్కడ బిళ్లలు చేతిలోకి తీసుకుని లోపల గోధుమరంగు పొర పట్టిందో లేదో చూడాలి.)

ఈ పరీక్షకు డబ్బు, చదువు రెండూ అక్కర్లేదు. కమిటీలో ఎవరో ఒకరు వారానికోసారి ఆపరేటర్ పక్కన నిలబడి చేస్తే, లాగ్‌బుక్‌లో నెల రోజుల అంకెలు ఒకేసారి నింపే అలవాటు దానంతటదే పోతుంది.

రాత్రిపూట బ్లోయర్ ఆపేస్తే కరెంటు బిల్లు తగ్గదా?

తగ్గుతుంది. 3 హెచ్‌పీ బ్లోయర్ రోజంతా తిరిగితే సుమారు 54 యూనిట్లు. అందుకే అందరి కన్ను ముందు దాని మీదే పడుతుంది. ట్యాంకులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మి.గ్రా. దగ్గర ఉండాలి. గంటసేపు ఆపితే పెద్దగా ఏమీ కాదు. రాత్రంతా ఆపితే తెల్లారేసరికి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, ఆ నీళ్లే ఉదయం పోటుకు గెడ్డలోకి తోసుకుపోతాయి. బిల్లు తగ్గించాలంటే ఆక్సిజన్ కొలిచి దాని ప్రకారం బ్లోయర్ వేగం మార్చే డ్రైవ్ పెట్టించుకోండి. ట్యాంకు అడుగున గాలి బుడగలు వదిలే డిఫ్యూజర్లు పూడిపోతే కరెంటు కాలుతుంది తప్ప గాలి రాదు, వాటినీ చూపించుకోండి.

ఇళ్లల్లో మేమేం జాగ్రత్తలు తీసుకోవాలి?

బూరెలు వేయించిన నూనె సింకులో పోయొద్దు. బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ కొంచెం వాడితే ఫరవాలేదు, అందరూ ఒకే పండగ రోజు బకెట్లతో పోస్తేనే ట్యాంకు చచ్చిపోతుంది. పాత మందుల సీసాలు ఫ్లష్ చేయొద్దు. ఇక శానిటరీ ప్యాడ్లు, బేబీ వైప్స్. ప్యాకెట్ మీద ఏం రాసినా వైప్స్ నీళ్లలో కరగవు. మొదటి జల్లెడ దగ్గర ఇనుప పారతో వాటిని లాగేది ఒక మనిషి, చేతులతో. ఆ జల్లెడను ఒకసారి వెళ్లి చూసినవాళ్లు మళ్లీ ఫ్లష్ చేయరు.

మిగిలిన బురద ఎక్కడ పడేయాలి?

ఆరబెట్టే మడుల్లో గానీ, ఫిల్టర్ ప్రెస్‌తో గానీ నీరు పిండి, బాగా ఆరాక తోటలకు ఎరువుగా వాడొచ్చు. ఆకుకూరల మడుల్లో వద్దు. పచ్చి బురదను ఖాళీ స్థలంలోనో గెడ్డలోనో పోస్తే అంతవరకూ పడ్డ శ్రమంతా దండగ, నీళ్లలోంచి తీసినది మళ్లీ నీళ్లలోకే. ట్యాంకర్‌వాడికి ఇస్తే ఎక్కడ దించాడో రసీదు అడగండి.

ట్యాంకు శుభ్రం చేయడానికి మనిషిని దించొచ్చా? గంటలో పని అయిపోతుందట.

వద్దు. మూసిన ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ చేరి ఉంటుంది. మోతాదు ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు, రెండు మూడు ఊపిరుల్లో మనిషి పడిపోతాడు, కాపాడబోయినవాడూ పడిపోతాడు. రక్షణ ఏర్పాట్లు లేకుండా దించడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ఇలాంటి మరణాలకు పరిహారం 30 లక్షల రూపాయలుగా సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో పెంచింది. యంత్రంతో తీయించండి. సఫాయిమిత్ర హెల్ప్‌లైన్ నంబరు 14420.

ల్యాబ్ రిపోర్టును నమ్మొచ్చా?

తేదీలు చూడండి. మన ప్రమాణాల ప్రకారం బీఓడీ పరీక్షకు శాంపిల్‌ను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచాలి. ఈరోజు శాంపిల్ ఇస్తే రేపే బీఓడీ రిపోర్టు వచ్చిందంటే అది పరీక్ష కాదు, టైపింగ్. శాంపిల్ పట్టేటప్పుడు ఐస్ పెట్టెలో పెట్టారా, అదే రోజు ల్యాబ్‌కు చేర్చారా అన్నది కూడా చూసుకోండి.

## నీళ్లు వాడటం, వదలడం

ఫ్లష్‌కు ఈ నీళ్లు వాడితే ఎంత మిగులుతుంది?

మనిషికి 135 లీటర్లలో ఫ్లష్ వాటా 45. అంటే 240 మందికి రోజుకు 10,800 లీటర్లు. ట్యాంకర్ల మీద బతికే మధురవాడ, ఎండాడ అపార్ట్‌మెంట్లకు వేసవిలో అది ఎంతో మీకు చెప్పక్కర్లేదు. పైపులు పూర్తిగా వేరుగా ఉండాలి, వేరే రంగు ఉండాలి, కుళాయిల దగ్గర ‘తాగరాదు’ అని తెలుగులో బోర్డు ఉండాలి. నదికి కూడా ఇదే మేలు. గెడ్డలోకి వెళ్లేదే తగ్గిపోతుంది.

పొలాలకు ఇవ్వొచ్చా?

పూలతోటలకు, కొబ్బరికి, పశుగ్రాసానికి మంచిదే, నత్రజని, భాస్వరం ఎరువు ఖర్చు కొంత తగ్గిస్తాయి. ఆనందపురం చుట్టూ పూలు పండించే రైతులున్నారు కాబట్టి అడిగేవాళ్లు దొరుకుతారు. పచ్చిగా తినే కొత్తిమీర, కీర, టమాటాలకు ఇవ్వొద్దు.

క్లోరిన్ దండిగా వేస్తే నదికి ఇంకా మంచిదేగా?

కాదు. క్లోరిన్ క్రిములతోపాటు చేపలకూ విషమే. అరగంట కలిసి ఉండేలా ట్యాంకు ఉంచి, లీటరుకు అర నుంచి ఒక మిల్లీగ్రాము మిగిలేలా వేయడం ఫ్లష్ నీళ్లకు సరిపోతుంది. గెడ్డలోకి వదిలేదైతే యూవీ దీపం మేలు. ముందు నీరు తేటగా ఉండాలి, మసకనీళ్లలో యూవీ పనిచేయదు.

శుద్ధి చేసి వదిలినా గెడ్డలో గుర్రపుడెక్క అల్లుకుపోతోంది. ఎందుకు?

మామూలు ఎస్టీపీ బీఓడీ తీసేస్తుంది కానీ నత్రజని, భాస్వరం చాలావరకు వదిలేస్తుంది. గుర్రపుడెక్కకు అవి తిండి. గాలి లేని గది ఒకటి కలిపి నీటిని వెనక్కి తిప్పితే నత్రజని తగ్గుతుంది, భాస్వరానికి పటిక లాంటిది కలపాలి. చిన్న కాలనీకి తేలికైన దారి ఆ నీటిని గెడ్డలోకి వదలకుండా చెట్లకు మళ్లించడం.

## వానలు, తుఫాన్లు, తగాదాలు

వానపడితే ఎస్టీపీ పొంగిపోతోంది.

ఎవరిదో మేడమీద వాననీటి పైపు మురుగు లైన్లో కలిపి ఉంది. ఆ వరద సూక్ష్మజీవులను కూడా బయటికి తోసేస్తుంది, మళ్లీ పెరగడానికి వారాలు పడుతుంది. వేసవిలోనే ఒక్కో పైపులో రంగునీళ్లు పోసి ఎక్కడ తేలుతున్నాయో చూసి విడదీయండి.

తుఫానుకు కరెంటు పోతే?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, కాబట్టి ఈ ప్రశ్న ఊహ కాదు. జనరేటర్ లైన్లో లిఫ్టుతోపాటు ఒక బ్లోయర్‌ను కూడా కలిపి ఉంచండి. డీజిల్ తక్కువుంటే గంటకు పావుగంట గాలి కొట్టినా సూక్ష్మజీవులు బతికుంటాయి. అది కూడా కుదరకపోతే ఇళ్లల్లో నీళ్ల వాడకం తగ్గించమని చెప్పండి. కరెంటు వచ్చాక ఒక రోజు గాలి ఆడించి, జాడీలో బురద దిగుతుందని చూశాకే నీటిని బయటికి వదలండి.

పక్క లేఅవుట్‌వాళ్లు రాత్రిళ్లు ట్యాంకర్లతో గెడ్డలో మురుగు పోయిస్తున్నారు. ఎవరికి చెప్పాలి?

ముందు సాక్ష్యం పోగేయండి: తేదీ, సమయం, లొకేషన్ కనిపించే ఫొటో, బండి నంబరు. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. నగర పరిధిలో అయితే జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకు), బయటైతే పంచాయతీకి ఒక కాపీ. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే ఫిర్యాదుకు నంబరు పడుతుంది. ఎక్కడా కదలిక లేకపోతే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ ఉంది. వాళ్లతో గొడవకు దిగే ముందు మీ సొంత సీఎఫ్ఓ గడువు ఉందో లేదో చూసుకోండి, తనిఖీకి వచ్చేవాళ్లు రెండు గేట్లూ తడతారు.